మ్యూజియంలో జనంతో పని: ఈ కెరీర్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఫైన్ ఆర్ట్స్, హిస్టరీ, సోషల్ వర్క్ చదివినవాళ్లు, ఉద్యోగం మారదామనుకుంటున్న టీచర్లు, అమెరికాలో మ్యూజియం కోర్సుల గురించి ఆరా తీస్తున్న తెలుగు పిల్లలు తరచూ అడిగే ప్రశ్నలివి. అడిగిన మాటల్లోనే చాలావరకు ఉంచాను.

ఇది గైడ్ ఉద్యోగమేనా?

కాదు. వచ్చినవాళ్లకు వస్తువు గురించి చెప్పడం గైడ్ పని. ఎవరు రావడం లేదో, ఎందుకు రావడం లేదో కనుక్కుని, వాళ్లతో కలిసి ఏదైనా తయారు చేయడం ఈ పని. అది ఒక ప్రదర్శన కావచ్చు, నాటకం కావచ్చు, బస్తీ గోడ మీద బొమ్మ కావచ్చు, పాత ఫోటోల సేకరణ కావచ్చు. హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లి మధ్యాహ్నం 12 గంటలకు సంగీత గడియారం దగ్గర నిలబడి చూడండి. గంట కొట్టే బొమ్మ కోసం అంతమంది చేరతారు. గంటలు అయిపోగానే అందరూ లేస్తారు. ఆ జనంలో పాతబస్తీ వాళ్లు ఎంతమంది, టూర్ బస్సులో వచ్చినవాళ్లు ఎంతమంది, గేటు బయట బండి పెట్టుకుని ఏళ్ల తరబడి అమ్ముకుంటూ ఒక్కసారీ లోపలికి రానివాళ్లు ఎంతమంది అన్న లెక్క మీకు ఆసక్తిగా ఉంటే ఈ పని మీకు సరిపోతుంది.

మ్యూజియంల అంతర్జాతీయ సంస్థ ఐకామ్ 2022 ఆగస్టులో ప్రాగ్‌లో మ్యూజియానికి కొత్త నిర్వచనం ఆమోదించింది. అందులో అందరికీ అందుబాటు, సమూహాల భాగస్వామ్యం అన్న మాటలు చేరాయి. మాట చేరినంత తేలిగ్గా బడ్జెట్ చేరదు, అది వేరే సంగతి.

మ్యూజియం అంటే పాశ్చాత్యుల వ్యవహారం కదా, మనకు అలవాటుందా?

భవనం మాత్రమే కొత్త. బొమ్మ చూపించి కథ చెప్పి, జనాన్ని మాట్లాడించడం మనకు పాతదే. చేర్యాల నకాశీ పటాలు గోడకు తగిలించుకోవడానికి పుట్టినవి కావు. కులపురాణం చెప్పే కథకులు పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ ఊరి మధ్యలో రాత్రంతా కథ నడిపేవారు. 1940ల్లో ప్రజానాట్యమండలి బుర్రకథను రైతు సమస్యలు చెప్పే సాధనంగా మార్చింది. షేక్ నాజర్ కథ చెబితే పక్క ఊళ్ల నుంచి జనం నడిచి వచ్చేవారు. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు సంక్రాంతి రోజుల్లో మొదలుపెట్టి ఎడ్లబండ్ల మీద పాత విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరిగే పాత పంటల జాతర చూడండి. విత్తనం ముందు నిలబడి ముసలమ్మ మాట్లాడుతుంది, వ్యవసాయ అధికారి వింటాడు. గోడల్లేని మ్యూజియం అది. నా ఉద్దేశంలో ఈ రంగంలోకి వచ్చే తెలుగువాళ్లు న్యూయార్క్ ఉదాహరణలకన్నా ముందు దాన్ని చదవాలి.

రోజంతా ఏం చేస్తారు?

ఫోన్లు. హెడ్మాస్టర్‌కి, బస్సు ఓనర్‌కి, అనుమతి ఇవ్వాల్సిన ఆఫీసుకి, కళాకారుడి కొడుక్కి. ఆ తర్వాత బిల్లులు. వర్క్‌షాప్ వారానికి ఒకటో రెండో ఉంటాయి, మిగతా రోజులన్నీ దానికి ముందూ వెనకా జరిగే పనికే సరిపోతాయి. మధ్యాహ్న భోజనం ఎక్కడ పెట్టాలి, అమ్మాయిలకు టాయిలెట్ తాళం ఎవరి దగ్గర ఉంది, ఎండలో బయట వరుసలో ఎంతసేపు నిలబడాలి అన్నవి చూసుకోకపోతే మీ గొప్ప పాఠం ఎవరికీ ఎక్కదు.

దేశంలో ఈ పని బాగా జరుగుతున్న చోట్లు చెప్పండి.

అన్నీ చెప్పలేను, నాకు ముఖ్యమనిపించినవి చెబుతాను.

ముంబైలోని ఛత్రపతి శివాజీ మహారాజ్ వస్తు సంగ్రహాలయ 2015లో మ్యూజియం ఆన్ వీల్స్ పేరుతో బస్సు మొదలుపెట్టింది. బడికి, పల్లెకు బస్సే వెళ్తుంది. 2019లో అక్కడే పిల్లల మ్యూజియం తెరిచారు. బస్సు ఆలోచన అంతకన్నా పాతది. కోల్‌కతాలోని బిర్లా ఇండస్ట్రియల్ అండ్ టెక్నలాజికల్ మ్యూజియం 1965లోనే సైన్స్ ప్రదర్శనలను బస్సులో పల్లెలకు తీసుకెళ్లింది.

అహ్మదాబాద్‌లో కాన్‌ఫ్లిక్టోరియం 2013లో మొదలైంది. మీర్జాపూర్‌లోని ఒక పాత పార్సీ ఇంట్లో, గొడవలనే విషయంగా తీసుకుని అవని సేఠీ నెలకొల్పిన మ్యూజియం ఇది. చూడటానికి వచ్చినవాళ్లు క్షమాపణ రాసి కట్టే చెట్టు అక్కడ ఉంది. మత కలహాలు చూసిన నగరంలో అలాంటి చోటు నడపడం మాటలు కాదు.

భోపాల్‌లో రిమెంబర్ భోపాల్ మ్యూజియం 2014లో తెరిచారు. 1984 గ్యాస్ దుర్ఘటన బాధితుల వస్తువులు, వాళ్ల గొంతులే అక్కడి ప్రదర్శన. ప్రభుత్వ డబ్బుగానీ కంపెనీల డబ్బుగానీ తీసుకోకుండా మొదలుపెట్టారు. ఎవరి కథ ఎవరు చెప్పాలన్న ప్రశ్నకు నాకు తెలిసిన సూటి జవాబు అదే.

ఢిల్లీలో ఖోజ్ అనే కళాకారుల సంస్థ 1997 నుంచి నడుస్తోంది. తానున్న ఖిడ్కీ బస్తీ మనుషులతోనే ఎన్నో కళా ప్రాజెక్టులు చేసింది. రెండేళ్లకోసారి జరిగే కళా ప్రదర్శన కొచ్చి బినాలేకి అనుబంధంగా పిల్లల కళా కార్యక్రమం, విద్యార్థుల బినాలే ఉన్నాయి.

మన రెండు రాష్ట్రాల్లో?

చోటుకు కొదవ లేదు. సాలార్‌జంగ్, పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియం, మాసాబ్ ట్యాంక్‌లోని నెహ్రూ శతాబ్ది గిరిజన మ్యూజియం, అరకు గిరిజన మ్యూజియం, విజయవాడ బాపు మ్యూజియం, నాగార్జునకొండ, తిరుపతి ప్రాంతీయ సైన్స్ కేంద్రం ఉన్నాయి. కొరత ఉన్నది ఎడ్యుకేషన్ విభాగంలోనే. చాలాచోట్ల ఆ పేరుతో పోస్టే ఉండదు, ఉన్నా మే 18న మ్యూజియం దినోత్సవానికి డ్రాయింగ్ పోటీ పెట్టడంతో ఆ ఏడాదికి పని అయిపోతుంది. డ్రాయింగ్ పోటీ మీద నాకు కోపం లేదు. కానీ బహుమతులు ప్రతిసారీ డ్రాయింగ్ మాస్టర్ ఉన్న బడులకే వెళ్తున్నాయని ఎవరైనా గమనించాలి కదా.

ఒక కార్యక్రమం మొదటి నుంచి ఎలా తయారవుతుందో ఉదాహరణతో చెప్పగలరా?

ఎవరూ నాకు అప్పగించని పనినే ఉదాహరణగా తీసుకుంటాను. నాగార్జునకొండ. 1954 నుంచి 1960 దాకా అక్కడ తవ్వకాలు జరిగాయి. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబర్‌లో శంకుస్థాపన చేశారు కాబట్టి, లోయ మునిగేలోపు వీలైనంత బయటికి తీయాలని ఆత్రం. ఇక్ష్వాకుల కాలపు బౌద్ధ కట్టడాల్లో కొన్నిటిని కొండ మీదికి, కొన్నిటిని అనుపు ఒడ్డుకు మార్చి మళ్లీ పేర్చారు. కొండ ద్వీపమైంది, దాని మీద మ్యూజియం వచ్చింది. పడవలో వెళ్లాలి. రాళ్లను జాగ్రత్తగా నంబర్లు వేసి తరలించారు. అదే లోయలో పల్లెలుండేవి, మనుషులుండేవాళ్లు. వాళ్లూ తరలి వెళ్లారు. ఆ మనుషుల పిల్లలు, మనవళ్లు ఇవాళ ఆ మ్యూజియానికి వస్తే ఏం చూస్తారు? మీ కార్యక్రమం పుట్టేది ఈ ప్రశ్నలోంచి.

మొదట మ్యూజియానికి వెళ్లకండి. తరలి వెళ్లిన కుటుంబాలు ఉన్న ఊళ్లకు వెళ్లండి. రికార్డర్ తీయకండి. రిటైరైన టీచర్, రేషన్ డీలర్, ఆశా వర్కర్ వంటివాళ్ల ద్వారా పరిచయం చేసుకోండి. రెండోసారి, మూడోసారి వెళ్లాక గానీ ‘ఎందుకొస్తున్నావు నాయనా’ అన్న అసలు ప్రశ్న వాళ్ల నోటి నుంచి రాదు. దానికి నిజం చెప్పండి. నష్టపరిహారం ఇప్పించడానికి వచ్చారనుకునే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అది మీ చేతిలో లేదని మొదటి రోజే, అందరి ముందే చెప్పాలి.

ఆ తర్వాత ఏం చేయాలో వాళ్లే చెప్పాలి. మీరు మౌఖిక చరిత్ర, అంటే వాళ్ల జ్ఞాపకాలను వాళ్ల మాటల్లోనే రికార్డు చేయడం, అని రాసుకుని వెళ్తే వాళ్లు మునిగిపోయిన గుడికి పండగ చేద్దామనొచ్చు. నేనైతే పెద్దవాళ్లను కూర్చోబెట్టి పాత ఊరి పటం నేల మీద ముగ్గుపిండితో వేయించాలని అనుకుంటాను. ఎవరి ఇల్లు ఎక్కడ, బావి ఎక్కడ, ఏ కులం వీధి ఎటు. ఇందులో గొడవలు వస్తాయి, రావాలి. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్‌లోని డిస్ట్రిక్ట్ సిక్స్ మ్యూజియం సరిగ్గా ఇలాంటి పటంతోనే పేరు తెచ్చుకుంది. 1966లో ఆ పేటను తెల్లవాళ్లకు మాత్రమే అని ప్రకటించి, తర్వాతి ఏళ్లలో అరవై వేలకు పైగా మనుషులను ఖాళీ చేయించారు. 1994లో ఒక పాత చర్చిలో మ్యూజియం తెరిచి, నేల మీద పేట పటం పరిచారు. ఖాళీ చేసి వెళ్లినవాళ్లు వచ్చి తమ ఇల్లు ఎక్కడుండేదో దాని మీద రాశారు.

ఇక కాగితాల పని. ఆ మ్యూజియం భారత పురావస్తు సర్వేక్షణ శాఖది, కాబట్టి లోపల ఏం చేయాలన్నా రాతపూర్వక అనుమతి కావాలి. నెలలు పట్టొచ్చు. అనుమతి వచ్చేదాకా ఊళ్లో జరగాల్సిన సగం పని పూర్తి చేసుకోండి. పడవ వేళలు, పడవ ఎక్కలేని ముసలివాళ్లు, నీళ్లను చూస్తే దుఃఖం ఆగనివాళ్లు, వీళ్లందరి కోసం ఒడ్డునే, అనుపు దగ్గర, ఒక సభ ఉండాలి. రికార్డు చేసిన మాటల కాపీ పెన్‌డ్రైవ్‌లో ఆ ఇంటికి తిరిగి వెళ్లాలి. చివరగా పటం ఎవరి దగ్గర ఉంటుంది? మ్యూజియం తీసుకోనంటే ఊరి బడిలో పెట్టగలరా? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా ప్రాజెక్టు మొదలుపెట్టడం నాకు నచ్చదు.

అమరావతి శిల్పాలు మన దగ్గర లేవు కదా, అక్కడేం చేస్తాం?

లేకపోవడమే పాఠం. మంచి ఫలకాలు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలోనూ లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. 1840ల్లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు పంపినవాటికి ఇలియట్ మార్బుల్స్ అన్న పేరే పడింది. ఊరి పేరు పోయి దొర పేరు మిగిలింది. అమరావతి బడి పిల్లలకు ఆ ఫోటోలు ఇచ్చి, ఏ ముక్క ఊరికి తిరిగి రావాలో ఎంచుకోమని, ఎందుకో ఉత్తరం రాయమని అడిగితే నెల రోజుల పని అవుతుంది. లండన్‌లోనూ చెన్నైలోనూ ఉన్న తెలుగువాళ్లు ఆ ముక్క ముందు నిలబడి ఆ పిల్లలతో వీడియోలో మాట్లాడొచ్చు. ప్రవాసాంధ్రులు ఏం చేయగలరని అడుగుతుంటారు, ఇది చేయగలరు.

ఏం చదవాలి?

మ్యూజియాలజీలో ఎంఏ ఒక దారి. బరోడా ఎంఎస్ యూనివర్సిటీలో ఆ విభాగం 1952 నుంచి ఉంది. కలకత్తా యూనివర్సిటీ, అలీగఢ్, బెనారస్‌లో కూడా చదవొచ్చు. ఢిల్లీలో 1989లో మొదలైన నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్ ఇప్పుడు నోయిడాలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్ పేరుతో నడుస్తోంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ సరోజినీ నాయుడు స్కూల్‌లో ఫైన్ ఆర్ట్స్, థియేటర్ చదివినవాళ్లు కూడా ఈ పనిలోకి రావొచ్చు. మ్యూజియాలజీ కోర్సులు వస్తువును కాపాడటం, జాబితా రాయడం బాగా నేర్పుతాయి. మనుషులతో మెలగడం మాత్రం వాటి సిలబస్‌లో తక్కువ. అందుకే సోషల్ వర్క్ లేదా బీఎడ్ ఉన్నవాళ్లు వెనకబడినట్టు అనుకోవాల్సిన పని లేదు. టీచర్లకు హైదరాబాద్‌లో కేంద్ర సాంస్కృతిక శాఖ శిక్షణ సంస్థ సీసీఆర్‌టీ ప్రాంతీయ కేంద్రం ఉంది. బడిలోకి కళలను ఎలా తేవాలో అక్కడ శిక్షణ ఇస్తారు.

నాకు బొమ్మలు వేయడం రాదు.

ఫర్వాలేదు. వేసేవాళ్లకు టైముకి డబ్బులు ఇప్పించడం వస్తే చాలు.

ఇంగ్లీషు అంతంతమాత్రం. ఇబ్బందా?

గ్రాంటు అప్లికేషన్ల దగ్గర ఇబ్బందే. అయినా బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ భారతీయ భాషల్లో రాసినవి కూడా తీసుకుంటుంది. పని జరిగే చోట మాత్రం తెలుగు, ఉర్దూ, లంబాడీ, గోండీ వచ్చినవాళ్లదే పైచేయి. ఆదిలాబాద్ పిల్లలతో గోండీలో మాట్లాడగలిగే ఒక్క మనిషి, విదేశీ డిగ్రీ ఉన్న ఇద్దరితో సమానం. ఇది పొగడ్త కాదు, ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు నిజంగా చూడాల్సిన విషయం.

గ్యాలరీలో పిల్లలతో ఏం మాట్లాడాలి?

తక్కువ మాట్లాడాలి. న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియం మోమాలో ఎడ్యుకేషన్ డైరెక్టర్‌గా చేసిన ఫిలిప్ యెనవైన్, మనస్తత్వ పరిశోధకురాలు అబిగైల్ హౌసెన్ కలిసి తయారుచేసిన విజువల్ థింకింగ్ స్ట్రాటజీస్ అనే పద్ధతిలో ఉన్నవి మూడే ప్రశ్నలు. ఈ బొమ్మలో ఏం జరుగుతోంది? ఏం చూసి అలా అనుకున్నావు? ఇంకేం కనిపిస్తోంది? సాలార్‌జంగ్‌లో మేలిముసుగు రెబెక్కా పాలరాతి బొమ్మ ముందు ఈ మూడూ అడిగి చూడండి. పెళ్లికూతురని ఒకరంటారు, బురఖా అని ఒకరు, దోమతెర అని ఒకరు. ఏ జవాబుకీ ‘కరెక్ట్’ అనకండి. అంటే మిగతా ముప్ఫై మంది నోళ్లు మూతపడతాయి. శిల్పి పేరు బెంజోనీ అని చెప్పడం చివర్లో, అడిగితేనే.

ఈ పద్ధతికి ఒక లోపం ఉంది. కొన్ని వస్తువుల దగ్గర కేవలం చూస్తే సరిపోదు. గిరిజన మ్యూజియంలో ఒక డోలు కనిపిస్తే, అది ఎవరు ఎప్పుడు మోగించాలో తెలియకుండా ఊహాగానాలు చేయించడం అమర్యాద. అక్కడ తెలిసిన మనిషిని పిలవాలి.

జానపద కళాకారులను పిలిచేటప్పుడు ఏం చూసుకోవాలి?

డబ్బు. అన్నిటికన్నా ముందు అదే. శాలువా, మెమెంటో పారితోషికం కాదు. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులను గానీ చేర్యాల నకాశీలను గానీ పిలిస్తే రానుపోను ఖర్చు, తిండి, పడక, పక్కన వచ్చే మనిషి ఖర్చు, మెటీరియల్ ఖర్చు విడివిడిగా రాసి, మొత్తం ముందే ఫోన్లో చెప్పండి. సంస్థ అకౌంట్స్ సెక్షన్ మూడు కొటేషన్లు కావాలంటుంది. తాతల నుంచి ఒకే కుటుంబం చేస్తున్న కళకు మూడు కొటేషన్లు ఎక్కడి నుంచి తెస్తారు? కాబట్టి ఏడాది మొదట్లోనే ఫైనాన్స్ వాళ్లతో కూర్చుని కళాకారుల చెల్లింపులకు వేరే పద్ధతి రాయించుకోండి. పాన్ కార్డు, బ్యాంకు ఖాతా పేరు, ఆధార్ పేరు కలవక చెల్లింపు ఆగిపోవడం మామూలే. పిలిచేముందే చూసుకోండి.

ఇంకో సంగతి. వాళ్లను డెమో ఇచ్చేవాళ్లుగా మాత్రమే చూడకండి. కార్యక్రమం ఆలోచించే మీటింగుకు పిలవండి, ఆ రోజుకూ డబ్బులివ్వండి.

ఉద్యోగాలు ఏ పేర్లతో వస్తాయి? జీతం సంగతి?

ప్రభుత్వంలో ఎడ్యుకేషన్ ఆఫీసర్, ఎడ్యుకేషన్ అసిస్టెంట్, గైడ్ లెక్చరర్. నేషనల్ కౌన్సిల్ ఆఫ్ సైన్స్ మ్యూజియమ్స్ కింద ఉన్న కేంద్రాలు నోటిఫికేషన్లు ఇస్తుంటాయి, సాలార్‌జంగ్ కేంద్ర సాంస్కృతిక శాఖ కిందిది. ఇవి అరుదు, పడితే పే స్కేలు, పెన్షన్ పథకం ఉంటాయి. ప్రైవేటు మ్యూజియంలు, ట్రస్టుల్లో ఔట్‌రీచ్ మేనేజర్, ప్రోగ్రామ్ కోఆర్డినేటర్, లెర్నింగ్ అసోసియేట్ వంటి పేర్లు. బెంగళూరు మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫోటోగ్రఫీ (మ్యాప్), ఢిల్లీ కిరణ్ నాడార్ మ్యూజియం లాంటివి ఈ కోవలోవి. చాలా కొలువులు ఏడాది కాంట్రాక్టు. మిగతాది ఫ్రీలాన్సు.

జీతం ఎన్జీవో స్థాయిలో ఉంటుందని అనుకుని రండి. ఐటీలో ఉన్న తమ్ముడితో పోల్చుకుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ప్రకటనలో జీతం రాయకపోతే ఇంటర్వ్యూకి ముందే అడగండి, ఫీల్డు ప్రయాణాలకు డబ్బు ఎవరు పెడతారో కూడా.

ప్రాజెక్టులకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

కంపెనీల చట్టం 2013 ప్రకారం పెద్ద కంపెనీలు సగటు లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత పనులకు (సీఎస్‌ఆర్) ఖర్చుపెట్టాలి. వారసత్వం, కళలు, సంప్రదాయ చేతివృత్తులు ఆ జాబితాలో ఉన్నాయి. కంపెనీలకు చదువు, ఆరోగ్యం అర్థమైనంత తేలిగ్గా కళ అర్థం కాదు, కాబట్టి చదువు భాషలో చెప్పాల్సి వస్తుంది. కేంద్ర సాంస్కృతిక శాఖ జూనియర్, సీనియర్ ఫెలోషిప్పులు వ్యక్తులకు ఇస్తుంది. బడుల వైపు నుంచి చూస్తే 2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల వాళ్లకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తులవాళ్ల దగ్గర నేర్చుకోవాలంది. ఆ రోజుల్లో ఏం చేయాలో తెలియని హెడ్మాస్టర్లు చాలామంది ఉంటారు. ప్లాను పట్టుకుని వెళ్లండి.

ఏ డబ్బైనా, దానితో ఏ మాట మాట్లాడలేకపోతామో ముందే ఆలోచించుకోవాలి. గని కంపెనీ డబ్బుతో గిరిజన భూముల గురించి ప్రదర్శన పెట్టలేం.

వివాదం వస్తే?

వస్తుంది. కులం, మతం, ప్రాంతం మూడూ ఈ పనిలో రోజూ ఎదురవుతాయి. పై అధికారికి ముందే చెప్పి ఉంచండి, ఆయన పేపర్లో చూసి తెలుసుకునే పరిస్థితి రానివ్వకండి. మాట్లాడిన సామాన్యుడి పేరు, ఫోటో బయటికి వెళ్లకుండా చూడటం మీ మొదటి బాధ్యత. పిల్లల విషయంలో ఇంకా కఠినంగా ఉండాలి. తల్లిదండ్రుల రాతపూర్వక ఒప్పుకోలు లేకుండా ఏ ఫోటో సోషల్ మీడియాలో పెట్టకండి, పెద్దవాళ్లెవరూ ఒక పిల్లవాడితో ఒంటరిగా గదిలో ఉండే ఏర్పాటు చేయకండి.

పని ఫలించిందని ఎలా తెలుస్తుంది?

దాతలకు తలల లెక్క కావాలి, ఇవ్వండి. మీకోసం వేరే లెక్క రాసుకోండి. బడి తీసుకురాకుండా ఇంటివాళ్లతో మళ్లీ వచ్చిన పిల్లలెందరు? మీ నిర్ణయాన్ని జనం ఎక్కడ మార్చారు? లేబుల్ మీద తప్పుందని ఎవరైనా చెప్పారా, చెబితే మ్యూజియం దిద్దిందా? చివరిదానికి ఔనన్న జవాబు వస్తే, నా లెక్కలో ఆ ఏడాది బాగా గడిచినట్టే.

విదేశాల్లో చదవడం మంచిదేనా?

స్కాలర్‌షిప్ వస్తే మంచిదే. లెస్టర్ యూనివర్సిటీ మ్యూజియం స్టడీస్ 1966 నుంచి ఉంది, అమెరికాలో జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీ, బ్యాంక్ స్ట్రీట్ కాలేజీల మ్యూజియం ఎడ్యుకేషన్ కోర్సులు పేరు తెచ్చుకున్నాయి. బ్రిటన్‌లో చిన్న పరిశోధనకు, శిక్షణకు చార్లెస్ వాలెస్ ఇండియా ట్రస్ట్ సాయం చేస్తుంది. ఇల్లు తాకట్టు పెట్టి మాత్రం వెళ్లకండి. ఈ రంగం జీతంతో ఆ అప్పు తీరడం అక్కడా కష్టమే, ఇక్కడికి తిరిగొస్తే మరీ కష్టం.

ఉచితంగా ఆరు నెలలు ఇంటర్న్‌షిప్ చేయమంటున్నారు. చేయాలా?

వద్దు. ఒక నెల, స్పష్టమైన పని, బస్సు ఖర్చులు, చివర్లో మీ పేరు ఉన్న ఒక ఫలితం ఉంటే ఆలోచించండి. ఆరు నెలలు జీతం లేకుండా ఉండగలిగేవాళ్లే ఈ రంగంలోకి వస్తే, బస్తీల గురించి బస్తీ తెలియనివాళ్లు మాట్లాడే పరిస్థితే కొనసాగుతుంది. ఆ సమయంలో మీ ఊరి గ్రంథాలయంలో ఆదివారం ఆదివారం పాత ఫోటోలు తెమ్మని పదిమందిని పిలిచి కూర్చోండి. ఎవరు వచ్చారు, ఏం తెచ్చారు, ఏం చెప్పారు అన్నది అదే రోజు రాసుకోండి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ బదులు ఆ నోట్‌బుక్ చూపించొచ్చు.